సంకర పిగిలిపిట్టను గుర్తుపట్టడం ఎలా

చూడగానే పిగిలిపిట్ట అనిపిస్తుంది. కానీ చెంప మీద బూడిద కలిసిన తెల్ల మచ్చ ఉంది. తురాయి కాస్త పొడుగ్గా ఉంది. లేదా తోక కింద ఎరుపు ఉండాల్సిన చోట నారింజ రంగు ఉంది. ఇలాంటి బుల్బుల్ కంటపడగానే "హైబ్రిడ్" అన్న మాట నోటికొస్తుంది. అది నిజం కావచ్చు కూడా. బుల్బుళ్లలో రెండు జాతులు జతకట్టి పిల్లల్ని పెంచడం చాలాకాలంగా తెలిసిన విషయమే. కానీ ఇలా తేడాగా కనిపించే పక్షుల్లో చాలావరకు సంకరాలు కావు. ఈ ఏడాది పుట్టిన పిల్లలో, ఈకలు మార్చుకుంటున్నవో, రంగు లోపించినవో, పుప్పొడి పూసుకున్నవో అయి ఉంటాయి.

అందుకే సంకరం అన్నది మొదట చెప్పే పేరు కాదు. మిగతా కారణాలన్నీ ఒక్కొక్కటిగా కొట్టేశాక మిగిలే జవాబు అది. ఒక్క గుర్తు చూసి ఏ పక్షినీ సంకరం అనకూడదు. తల నుంచి తోక దాకా, రెండు పక్కలా, తల్లిదండ్రుల గుర్తులు కలగలిసి కనిపించాలి.

ముందు అచ్చమైన జాతులు కంఠతా రావాలి

మనకు ఇంటి చుట్టూ కనిపించే పిగిలిపిట్టను పక్షులు చూసేవాళ్లు రెడ్ వెంటెడ్ బుల్బుల్ అంటారు. తల, గొంతు నలుపు. తురాయి పొట్టిగా, చివర మొండిగా ఉంటుంది. వీపు మీద, రొమ్ము మీద గోధుమ ఈకలకు లేత అంచులు ఉండి పొలుసుల్లా కనిపిస్తాయి. తోక నల్లగా, చివర తెల్లగా ఉంటుంది. తోక కింద ఎరుపు. వీటన్నిటికంటే పనికొచ్చే గుర్తు మరొకటి ఉంది: తెల్లటి నడుము. నడుము అంటే ఇక్కడ వీపు ముగిసి తోక మొదలయ్యే చోటు. కూర్చున్నప్పుడు రెక్కల కింద దాక్కుంటుంది, ఎగిరితే తళుక్కుమంటుంది.

రెడ్ విస్కర్డ్ బుల్బుల్‌ మన దగ్గర అరకు లాంటి తూర్పు కనుమల కొండల్లో కనిపిస్తుంది. దీని తురాయి నల్లగా, పొడుగ్గా, మొనదేలి నిలబడుతుంది. చెంప తెలుపు, కంటి వెనక చిన్న ఎర్రటి కుచ్చు, చెంపకూ తెల్ల గొంతుకూ మధ్య సన్నటి నల్ల గీత. పొట్ట తెలుపు, భుజాల దగ్గర నుంచి రొమ్ము మీదికి దిగే ముదురు పట్టీ. నడుము గోధుమ రంగే, తెలుపు కాదు. తోక కింద ఎరుపు.

ఇక్కడొక చిక్కుంది. ఉత్తరాది రెడ్ విస్కర్డ్ తోక ఈకల చివర్లు తెల్లగా ఉంటాయి. దక్షిణ, మధ్య భారతంలోని ఉపజాతికి ఆ తెలుపు ఉండదు, రొమ్ము పట్టీ కూడా దాదాపు కలిసిపోయి ఉంటుంది. బొమ్మల పుస్తకంలో ఏ ప్రాంతపు పక్షిని గీశారో చూసుకోకపోతే, మామూలు పక్షి కూడా వింతగా కనిపిస్తుంది. మీరు తిరిగే చోట ఉన్న అచ్చమైన పక్షుల తోకలను కనీసం ఓ పది అయినా ముందుగా చూసి పెట్టుకోండి. తేడా పక్షిని పోల్చాల్సింది వాటితోనే.

మూడోది వైట్ ఇయర్డ్ బుల్బుల్. గుజరాత్, రాజస్థాన్, పంజాబ్ వైపు, అక్కడి నుంచి ఇరాక్ దాకా ఉంటుంది. నల్ల తల, తురాయి దాదాపు లేనట్టే, చెంప మీద పెద్ద తెల్ల మచ్చ, కింద భాగం మురికి తెలుపు, తోక కింద పసుపు. హిమాలయ పాదాల్లో హిమాలయన్ బుల్బుల్ ఉంటుంది. దానికీ తెల్ల చెంప, తోక కింద పసుపు ఉంటాయి గానీ తురాయి గోధుమ రంగులో ముందుకు వంగి ఉంటుంది.

బుల్బుళ్లతో ఒక సౌలభ్యం ఉంది. ఆడ, మగ ఒకేలా ఉంటాయి. తేనెపిట్టల్లోలాగా "ఇది ఆడదేమో, సీజన్ కాని మగదేమో" అన్న గందరగోళం ఉండదు. తేడా కనిపిస్తే కారణం వయసో, ఈకలో, రంగో, సంకరమో అయి ఉండాలి.

మొదటి పని: ఆ చోట ఏ రెండు జాతులు కలిసే వీలుందో చూడండి

సంకరం పుట్టాలంటే తల్లిదండ్రులు ఒకే చోట ఉండాలి. అందులో ఒక జాతి బాగా తక్కువగా ఉన్న చోట అవకాశం ఎక్కువ. సొంత జాతిలో జత దొరకని పక్షి పక్క జాతితో కలుస్తుంది. అంటే ఒక జాతి పరిధి ముగిసే అంచులు, పంజరాల నుంచి తప్పించుకున్న పక్షులు ఒకటీ అరా తిరిగే నగరాలు, మనుషులు కొత్తగా తెచ్చి వదిలిన ప్రాంతాలు.

ఆంధ్ర, తెలంగాణ మైదానాల్లో పిగిలిపిట్ట ఒక్కటే ఊరంతా ఉంటుంది. అక్కడ తేడా పక్షి కనిపిస్తే రంగు లోపాన్ని ముందు అనుమానించండి. పిగిలిపిట్ట, రెడ్ విస్కర్డ్ రెండూ తిరిగే కొండ అంచుల్లో అయితే ఆ జంట సంకరం గురించి ఆలోచించడంలో అర్థముంది. వాయవ్య భారతంలో పిగిలిపిట్టకు వైట్ ఇయర్డ్‌తో, హిమాలయ పాదాల్లో హిమాలయన్ బుల్బుల్‌తో కలిసే వీలుంది. ఆ వాయవ్య ప్రాంతపు సంకరాలకు ఒకప్పుడు మగ్రథీ అని విడిగా పేరు కూడా పెట్టారు. వాటి నడుము పాలిపోయి, తోక కింద నారింజ కలిసిన పసుపో గులాబీ రంగో ఉండేది. బర్మాలో రెండు ఉపజాతులుగా రాసుకున్న పిగిలిపిట్టలను కూడా తర్వాత సంకరాలుగానే లెక్కగట్టారు. చేతిలో నమూనా పెట్టుకున్న నిపుణులే పొరబడ్డ విషయం ఇది. దూరం నుంచి చూసే మనం తొందరపడకూడదు.

గల్ఫ్‌లో ఉండే తెలుగువాళ్లకు మంచి అవకాశం ఉంది. బహ్రెయిన్‌లో పిగిలిపిట్టకూ వైట్ ఇయర్డ్‌కూ సంకరాలు పుట్టడం నమోదై ఉంది. మన పిగిలిపిట్ట అక్కడ బయటి నుంచి వచ్చిన పక్షి. పార్కుల్లో, ఇళ్ల తోటల్లో, ఖర్జూర చెట్ల మధ్య రెండు జాతులూ పక్కపక్కనే తింటాయి. కువైట్, ఎమిరేట్స్‌లో ఉన్నవాళ్లు కూడా పార్కులో కనిపించే ప్రతి పిగిలిపిట్ట చెంప మీద, తోక కింద ఓ చూపు వేసి ఉంచండి.

రెండో పని: పక్షి ఎగిరిపోకముందే ఏ భాగాలు ఫొటో తీయాలి

అందరూ చేసే పొరపాటు ఒక్కటే. పక్షి ముఖం అందంగా వచ్చిందా లేదా అని చూస్తూ ఒకే పక్క నుంచి ముప్పై ఫొటోలు తీస్తారు. ఇంటికొచ్చాక నడుము ఏ రంగో తెలియదు, రెండో చెంప తెలియదు. అక్కడితో ఆ రికార్డు పని అయిపోయినట్టే.

వరస ఇలా పెట్టుకోండి. ముందు దొరికిన పక్క నుంచి మొత్తం పక్షి. తర్వాత రెండో పక్క, దీనికోసం మీరు కదలకుండా పక్షి తిరిగేదాకా ఆగాలి. తర్వాత ఎదురుగా గొంతు, రొమ్ము. తర్వాత తోక కింద రంగు. ఇది పక్షి మీకంటే ఎత్తులో ఉన్నప్పుడు తేలిగ్గా దొరుకుతుంది. చివరగా నడుము. నడుము కోసం పక్షి ఈకలు సవరించుకునేటప్పుడు, వంగి పండు తెంపేటప్పుడు, ఎగరబోయే క్షణంలో బర్స్ట్ పెట్టి తీయాలి. బుల్బుల్ ఎగిరేముందు కాస్త ముందుకు వంగి తోక విదిలిస్తుంది. అది చూడగానే షట్టర్ నొక్కండి. పదిహేను ఫ్రేముల్లో ఒక్కదానిలో నడుము కనిపించినా చాలు.

కెమెరా ఉంటే షట్టర్ 1/1000 సెకనుకు తగ్గనివ్వకండి, రా ఫార్మాట్‌లో తీయండి. ఆకాశం వెనకాల ఉంటే పక్షి మొత్తం నల్లగా వస్తుంది కాబట్టి ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ పెంచండి. తెల్ల చెంప మీద నేరుగా ఎండ పడుతుంటే అర స్టాప్ నుంచి ముప్పావు స్టాప్ దాకా తగ్గించండి. లేకపోతే తెలుపు కాలిపోతుంది. అది స్వచ్ఛమైన తెలుపో, బూడిద కలిసిన తెలుపో చెప్పడానికి వీలుండదు, ఈ పనిలో మనకు కావాల్సింది ఆ తేడానే. దట్టమైన ఆకుల నీడలో తెల్ల ఈకలకు పచ్చ ఛాయ పడుతుంది, సాయంత్రం ఎండలో ఎరుపు, నారింజ రెండూ ఒకేలా కనిపిస్తాయి. వీలైతే అదే వెలుతురులో పక్కనున్న మామూలు పిగిలిపిట్టను కూడా ఒక ఫొటో తీసి ఉంచండి. రంగు పోల్చడానికి దానికి మించిన కొలబద్ద లేదు.

ఫోను మాత్రమే ఉంటే బైనాక్యులర్ కంటి కటకానికి ఫోను లెన్స్ ఆనించి వీడియో తీయండి. వీడియోలోంచి తర్వాత ఫ్రేములు తీసుకోవచ్చు. 8×42 బైనాక్యులర్‌తో పది పన్నెండు మీటర్ల దూరంలో చెంప మీది నల్ల గీత కూడా స్పష్టంగా కనిపిస్తుంది, అంతకంటే దగ్గరికి వెళ్లాల్సిన పనిలేదు. ఫిల్టర్లు, రంగులు పెంచే ఎడిటింగ్ వద్దు. క్రాప్ చేయడం వరకే.

తురాయి విషయంలో ఒక జాగ్రత్త. బుల్బుల్ బెదిరినప్పుడు, పోట్లాడినప్పుడు తురాయి లేపుతుంది, తినేటప్పుడు వాల్చేస్తుంది. ఒక్క ఫొటో చూసి పొడుగు, పొట్టి అని తేల్చకండి. లేపినప్పుడు, వాల్చినప్పుడు రెండూ ఉండాలి. పక్క నుంచి తీసిన ఫొటోలో తురాయి ఎత్తును ముక్కు పొడవుతో పోల్చండి. రెడ్ విస్కర్డ్ తురాయి లేస్తే ముక్కు కంటే స్పష్టంగా పొడుగు. పిగిలిపిట్టది మహా అయితే ముక్కు పొడవుకు దగ్గరగా వస్తుంది.

మూడో పని: పుస్తకం తెరవకముందే రాసుకోండి

పక్షి వెళ్లిపోయిన వెంటనే, యాప్ గానీ పుస్తకం గానీ చూడకుండా నోట్సు రాయండి. పేరు చూశాక కళ్లు ఆ పేరుకు తగ్గట్టే గుర్తుచేసుకుంటాయి. ఇలా ఉంటే సరిపోతుంది:

"ఉదయం 7:20, ఎండ నా వెనక నుంచి. దూరం సుమారు పన్నెండు మీటర్లు. లాంటానా పొదలో పండ్లు తింటూ. పక్కన మామూలు పిగిలిపిట్టలు రెండు, రెడ్ విస్కర్డ్ ఒకటి. తురాయి మొనదేలి ఉంది, కానీ పొట్టి. ఎడమ చెంప బూడిద తెలుపు, అంచులు కలిసిపోయాయి. కుడి చెంప కూడా అంతే. కంటి వెనక మూడు నాలుగు ఎర్ర ఈకలు. గొంతు ముదురు బూడిద. నడుము ఎగిరినప్పుడు లేతగా కనిపించింది, పూర్తి తెలుపు కాదు. తోక చివర సన్నటి తెలుపు. ముక్కు మూలల్లో పసుపు లేదు."

కనిపించనివి కూడా రాయండి. "నడుము చూడలేదు" అన్న మాటకు విలువ ఉంది. చూడనిదాన్ని ఊహించి రాస్తే మిగతా నోట్సుకు కూడా నమ్మకం పోతుంది.

పక్షిని గుర్తుపట్టే యాప్‌లకు ఫొటో ఇస్తే సాధారణంగా ఏదో ఒక జాతి పేరే చెబుతాయి. ఒక ఫొటోకు పిగిలిపిట్ట అనీ మరో ఫొటోకు రెడ్ విస్కర్డ్ అనీ చెప్పినంత మాత్రాన అది సంకరానికి రుజువు కాదు.

నాలుగో పని: మిగతా కారణాలను ఒక్కొక్కటిగా కొట్టేయండి

అన్నిటికంటే ఓపిక కావాల్సిన దశ ఇదే. తొందరపాటుతో తప్పయ్యే రికార్డులు ఎక్కువగా ఇక్కడే తప్పవుతాయి.

పిల్ల పక్షులను ముందు చూడండి. దక్షిణాదిలో బుల్బుళ్లు ప్రధానంగా ఫిబ్రవరి నుంచి మే వరకు గూళ్లు పెడతాయి, కాబట్టి ఎండాకాలం మధ్య నుంచి తొలకరి వానల దాకా పిల్లలు ఎక్కడపడితే అక్కడ ఉంటాయి. పిగిలిపిట్ట పిల్ల తల గోధుమ కలిసిన నలుపు, తోక కింద ఎరుపు వెలిసిపోయి నారింజలా ఉంటుంది. వైట్ ఇయర్డ్‌తో సంకరం అని పొరబడేది దీన్ని చూసే. రెడ్ విస్కర్డ్ పిల్లకు కంటి వెనక ఎర్ర కుచ్చు ఉండదు, తోక కింద నారింజ ఛాయ ఉంటుంది, తురాయి గోధుమగా, పొట్టిగా ఉంటుంది. చూస్తే అచ్చం సగం సగం పక్షిలాగే అనిపిస్తుంది. పిల్లను పట్టిచ్చేవి వేరే గుర్తులు: ముక్కు మూలల్లో మెత్తటి లేత పసుపు అంచు, తోక కింద దూదిలా వదులుగా ఉన్న ఈకలు, రెక్కలు వణికిస్తూ తిండి కోసం అరవడం. వీటిలో ఒక్కటి ఉన్నా సంకరం మాట అక్కడికి ఆపండి. కొన్ని నెలలాగి మళ్లీ చూడండి.

తర్వాత రంగు లోపం. ఈకకు నలుపునిచ్చే మెలనిన్ అనే పదార్థం లేక కొన్ని ఈకలు తెల్లబడ్డ పిగిలిపిట్టలు అప్పుడప్పుడూ కనిపిస్తూనే ఉంటాయి. తెలుపు చెంప మీద వస్తే వెంటనే వైట్ ఇయర్డ్ గుర్తొస్తుంది. తేడా ఇలా పట్టండి. రంగు లోపించిన ఈక మొదలు నుంచి చివర దాకా పాలలా తెల్లగా ఉంటుంది, పక్క ఈక మామూలు నలుపే, రెండిటి మధ్య గీత గీసినట్టు ఉంటుంది. చాలాసార్లు రెండు చెంపలూ ఒకేలా ఉండవు. అదీగాక రెక్క మీదో మెడ వెనకో, తల్లిదండ్రుల్లో ఎవరికీ తెలుపు లేని చోట కూడా ఒకటి రెండు తెల్ల ఈకలు బయటపడతాయి. సంకరంలో తెలుపు అలా ఉండదు. బూడిదతో కలిసి మెల్లగా నలుపులోకి జారుతుంది, రెండు చెంపల మీదా ఒకే కొలతలో ఉంటుంది. రంగు లోపం రెండు పక్కలా సమానంగా రావడం కూడా ఉంది కాబట్టి సమానత్వం ఒక్కటే నమ్ముకోకండి. మెలనిన్ పోయినంత మాత్రాన లేని చోట ఎరుపు పుట్టదు. నలుపు తలలో కంటి వెనక నిజమైన ఎర్ర ఈకలు, అవీ రెండు పక్కలా ఉంటే రంగు లోపం అన్న వివరణ చాలదు.

తోక కింద రంగు ఒక్కటే తేడాగా ఉండి మిగతా పక్షి అంతా అచ్చమైన పిగిలిపిట్టలా ఉంటే సంకరం అనకండి. ఎరుపు ఉండాల్సిన చోట పసుపో నారింజో రావడం పక్షుల్లో ఒక రంగు లోపంగా ఉన్నదే. వైట్ ఇయర్డ్‌తో సంకరమైతే ఆ నారింజతో పాటు చెంప మారాలి, నడుములో తెలుపు తగ్గాలి, రొమ్ము లేతబడాలి. నడుము ఇంకా తళతళ తెల్లగా ఉందంటే అనుమానించాల్సింది రంగు లోపాన్నే. నడుము ఫొటో కోసం అంత పట్టుబట్టింది ఇందుకే.

తోక చివరి తెలుపు ఎప్పుడూ రెండో సాక్షి మాత్రమే. నల్ల ఈకకు మెలనిన్ బలమిస్తుంది, తెల్ల ఈకకు ఆ బలం లేదు. గూళ్ల కాలం ముగిసేసరికి తోక చివరి తెలుపు అరిగి, రాలి, మామూలు పిగిలిపిట్టలో కూడా కనిపించకుండా పోవచ్చు. ఈకల కొనలు చిరిగి, రంపపు పళ్లలా ఉంటే అరిగిందని అర్థం. ఎదురెండలో పల్చటి తోక అంచు మెరిసి లేని తెలుపు కనిపించడం కూడా మామూలే.

ఈకలు మార్చుకునే పక్షి, ముఖ్యంగా గూళ్ల కాలం తర్వాత, గందరగోళంగా ఉంటుంది. తురాయి రాలి పొట్టిదవుతుంది, చెంప మీద ఈకలు ఊడి బూడిద చర్మం బయటపడుతుంది. దూరం నుంచి ఆ చర్మమే "బూడిద చెంప" అనిపిస్తుంది. ఫొటో పెద్దది చేసి చూడండి: ఈకల గీతలు కనిపించకుండా నున్నగా ఉంటే, మధ్యలో సూదుల్లా కొత్త ఈకలు పొడుచుకొస్తుంటే, అది చర్మమే.

పుప్పొడిని మర్చిపోవద్దు. మోదుగ, బూరుగు పూసే రోజుల్లో బుల్బుళ్లు తేనె కోసం ముఖం పూలలో ముంచేస్తాయి. నుదురు, గడ్డం, ముక్కు మొదలు పసుపు పట్టి కనిపిస్తే రెండు మూడు రోజులాగి చూడండి, స్నానంతో పోతుంది. పండ్ల రసం మరకలూ అంతే.

ఐదో పని: లెక్క వేయండి

ఇవన్నీ దాటి నిలిచిన పక్షికి గుర్తుల పట్టీ వేయాలి. పిగిలిపిట్టకూ రెడ్ విస్కర్డ్‌కూ సంకరం అనుకుంటే ఏడు గుర్తులు తీసుకోండి: తురాయి, చెంప, కంటి వెనక ఎరుపు, గొంతు, రొమ్ము, నడుము, తోక చివర. అచ్చం పిగిలిపిట్టలా ఉంటే సున్నా, అచ్చం రెడ్ విస్కర్డ్‌లా ఉంటే 2, మధ్యస్థంగా ఉంటే 1. తోక కింద రంగును ఈ జంటలో లెక్కలోకి తీసుకోకండి, రెండిటికీ ఎరుపే కాబట్టి అది ఏమీ చెప్పదు. మీ ప్రాంతపు రెడ్ విస్కర్డ్ తోకకు తెల్ల చివర ఉంటే తోకను కూడా వదిలేయండి.

తురాయి 1, చెంప 1, ఎరుపు 1, గొంతు 1, రొమ్ము 1, నడుము 1, తోక సున్నా అనుకుందాం. మొత్తం 14కి 6. మొదటి తరం సంకరం ఇలా మధ్యలో ఎక్కడో పడుతుంది. చెంప ఒక్కటి 1 అయి మిగతావన్నీ సున్నా అయితే మొత్తం 1. అది రంగు లోపించిన పిగిలిపిట్టే. ఇప్పుడు రెడ్ విస్కర్డ్ పిల్లకు ఇదే లెక్క వేసి చూడండి: ఎర్ర కుచ్చు లేదు కాబట్టి అక్కడ సున్నా, తురాయి ఇంకా పొట్టి కాబట్టి 1, మిగతా ఐదిట్లో 2 చొప్పున 10, మొత్తం 11. సంకరం మళ్లీ రెడ్ విస్కర్డ్‌తో కలిస్తే పుట్టే రెండో తరం పక్షికి కూడా దాదాపు ఇంతే వస్తుంది. అందుకే వయసు తేల్చకుండా లెక్క వేయకూడదు. అందుకే రెండో తరం సంకరాన్ని ఫొటోతో ఖాయం చేయడం దాదాపు అసాధ్యం. అలాంటి పక్షి దగ్గర "ఉండొచ్చు" అన్న మాటతో ఆగడమే నిజాయితీ.

వైట్ ఇయర్డ్‌తో సంకరం అనుకుంటే గుర్తులు మారతాయి. గొంతు రెండిటికీ నలుపే, తోక చివర రెండిటికీ తెలుపే, అవి పనికిరావు. తురాయి, చెంప, రొమ్ము, నడుము, తోక కింద రంగు, ఈ ఐదే లెక్క.

మొత్తం ఎంత వచ్చిందన్నది ఒక్కటే కాదు, ఎలా వచ్చిందో కూడా చూడండి. సంకరంలో అన్ని గుర్తులూ కచ్చితంగా మధ్యలో ఉండవు. కొన్ని తల్లి వైపు, కొన్ని తండ్రి వైపు మొగ్గుతాయి. కానీ ప్రతి గుర్తుకూ ఆ ఇద్దరిలో ఒకరు జవాబుదారీ కావాలి. ఇద్దరిలో ఎవరికీ లేని కొత్త గుర్తు, ఉదాహరణకు పసుపు గొంతు, కనిపిస్తే మీరు ఊహించిన జంట తప్పు. పసుపు గొంతు ఉంటే రాళ్ల గుట్టల్లో ఉండే ఎల్లో త్రోటెడ్ బుల్బుల్‌ని తలుచుకోండి. హార్స్‌లీ హిల్స్ లాంటి చోట్ల అది మామూలు నివాసి.

గొంతు, స్నేహాలు ఎంతవరకు నమ్మొచ్చు

పాట రికార్డు చేయండి, ఫోనులో అయినా సరే, వేవ్ ఫార్మాట్‌లో, ఒకటి రెండు నిమిషాలు ఆపకుండా. కానీ దాన్ని తల్లిదండ్రుల రుజువుగా వాడకండి. పాడే పక్షులు పాటను చుట్టూ ఉన్న పెద్ద పక్షుల దగ్గర నేర్చుకుంటాయి. పిగిలిపిట్టల మధ్య పెరిగిన సంకరం అచ్చం పిగిలిపిట్టలాగే పాడవచ్చు. రికార్డు చేసిన పాటను వినిపించి పక్షిని పిలవడం మాత్రం గూళ్ల కాలంలో అసలు వద్దు. అది గూడు వదిలి మీ స్పీకర్ మీదికి పోట్లాటకు వస్తుంది, ఈలోగా గూటికి కాకి చేరుతుంది.

పండ్ల చెట్టు మీద రెండు జాతులు కలిసి తినడం దేనికీ గుర్తు కాదు. రావి, మర్రి పండినప్పుడు అన్ని బుల్బుళ్లూ కలిసే తింటాయి. ఒకదాని ఈకలు ఒకటి సవరించుకోవడం, గూటి పుల్లలు మోయడం, రెండు వేర్వేరు జాతుల పక్షులు ఒకే గూటికి తిండి తేవడం, ఇవైతే బరువైన ఆధారాలు.

అలాంటి జంట దొరికితే ఇరవై మీటర్లకు తగ్గకుండా ఉండి చూడండి. పిగిలిపిట్ట గూడు సాధారణంగా రెండు మూడు మీటర్ల ఎత్తులో పొదలోనే ఉంటుంది, రెండు మూడు గుడ్లు, సుమారు రెండు వారాలు పొదుగుతాయి. ఫొటో కోసం అడ్డం వచ్చిన ఆకులు తుంచకండి. ఆ ఆకులే గూటికి నీడ, కాకికీ పిల్లికీ కనపడకుండా ఉండే తెర. పిల్లలు గూడు దాటి కొమ్మల మీదికి వచ్చాక తీసిన ఫొటోలు చాలు.

నమోదు చేయడం

చూసిన పక్షులను లిస్టుగా నమోదు చేసే ఈబర్డ్ అనే వెబ్‌సైటులో, యాప్‌లో సంకరాలకు విడిగా పేర్లు ఉన్నాయి. మొబైల్ లిస్టులో మొదట కనిపించకపోతే రెండు జాతుల ఇంగ్లిష్ పేర్లు, మధ్యలో ఎక్స్ అక్షరంతో టైప్ చేసి వెతకండి. నడుము, చెంపలు, వయసు అన్నీ తేలి, లెక్క మధ్యలో పడితే ఆ పేరు వాడండి. ఒక ముఖ్యమైన భాగం కనపడకపోతే "బుల్బుల్ ఎస్‌పి" అని, అంటే జాతి తేలని బుల్బుల్ అని రాయండి. రెండు పక్కల ఫొటోలు, నడుము ఫొటో, పోల్చడానికి తీసిన మామూలు పక్షి ఫొటో, మీ నోట్సు మొత్తం జతచేయండి. రికార్డులను సరిచూసే రివ్యూయర్ ప్రశ్న అడిగితే నొచ్చుకోకండి. వాళ్లు అడిగేది ఎక్కువగా నడుము గురించో వయసు గురించో అయి ఉంటుంది.

చివరి మాట చెప్పగలిగేది డీఎన్‌ఏ పరీక్షే. అందులోనూ మైటోకాండ్రియా డీఎన్‌ఏ తల్లి నుంచి మాత్రమే వస్తుంది కాబట్టి అది తల్లి జాతి ఒక్కటే చెబుతుంది. సంకరం అని తేలాలంటే కణ కేంద్రకంలోని డీఎన్‌ఏ కూడా చూడాలి. హైదరాబాద్‌లో సీసీఎంబీకి చెందిన లాకోన్స్ లాంటి ప్రయోగశాలల్లో వన్యప్రాణుల డీఎన్‌ఏ పని జరుగుతుంది. అయితే నమూనా కోసం పక్షిని పట్టడం, వల వేయడం మీ పని కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా అలా చేయడం నేరం. మీ చేతిలో ఉన్న గట్టి పరీక్ష వేరే ఉంది: కాలం.

బుల్బుళ్లు గూళ్ల కాలం తర్వాత ఏడాదికోసారి ఈకలన్నీ మార్చుకుంటాయి. అదే తోటకు, అదే చెట్ల దగ్గరికి మూడు నాలుగు నెలల తర్వాత మళ్లీ వెళ్లండి. పిల్ల అయితే పెద్ద పక్షి రంగులోకి వచ్చేస్తుంది. పుప్పొడి, అరిగిన తోక, ఊడిన చెంప అన్నీ బాగైపోతాయి. రంగు లోపమైతే తెల్ల ఈకల ఆకారం చాలాసార్లు మారుతుంది, కొన్ని పెరుగుతాయి. సంకరం మాత్రం కొత్త ఈకలతో కూడా అదే బూడిద చెంప, అదే మధ్యస్థ తురాయి, అదే మసక నడుముతో తిరిగి కనిపిస్తుంది. ప్రతిసారీ అదే వరసలో ఫొటోలు తీసి, ప్రతి లిస్టులో "ముందు చూసిన పక్షే అనిపిస్తోంది" అని తేదీతో రాయండి. కొత్త ఈకలు చూశాక మీ నిర్ణయం మారితే ఆ రోజు లిస్టుతో పాటు వెనకటి లిస్టుల్లోని పేరును కూడా మార్చండి.